రోమ్‌ను కాచిన పరాయి అల్లుడు

రోమ్ అనగానే మనకి చప్పున గుర్తొచ్చేది జూలియస్ సీజర్. ఆ వెంటనే క్లియోపాత్రా. కానీ ఆ మహాసామ్రాజ్యం కూలిపోయే రోజుల్లో పదమూడేళ్ల పాటు దాని బరువంతా మోసిన స్టిలికో అనే సేనాని గురించి విన్నవాళ్లు తక్కువ. స్టిలికో చక్రవర్తి కాదు. రాజవంశంలో పుట్టినవాడు అంతకన్నా కాదు. మొదట ఓ చక్రవర్తి ఇంటికి అల్లుడయ్యాడు. తర్వాత మరో చక్రవర్తికి మామగారయ్యాడు. అతన్ని అందలం ఎక్కించింది ఆ చుట్టరికాలే. చివరికి ప్రాణం మీదికి తెచ్చిందీ అవే. అతనొక్కడితో పోలేదు. భార్య, కొడుకు, ఇద్దరు కూతుళ్లు... ఇంటిల్లిపాదీ ఆ రాజకీయాలకి మూల్యం చెల్లించుకున్నారు.

తండ్రి పరాయివాడు, తల్లి రోమన్

స్టిలికో సుమారు 360 ప్రాంతంలో పుట్టాడు. తల్లి రోమన్ స్త్రీ. తండ్రి వాండల్ జాతివాడు. రోమన్ సైన్యంలో అశ్వికదళ అధికారిగా పనిచేశాడు. వాండల్‌లు, గోత్‌లు, హూణులు వీళ్లంతా రోమన్ల దృష్టిలో అనాగరికులు. విచిత్రం ఏమిటంటే, ఆనాటి రోమన్ సైన్యంలో వాళ్లు చాలామందే ఉండేవారు. యుద్ధానికి వాళ్లు కావాలి, పక్కన కూర్చోబెట్టుకోవడానికి మాత్రం మనసొప్పదు. స్టిలికో రోమన్‌గానే పెరిగాడు, రోమ్‌కే సేవ చేశాడు. అయినా తండ్రి పుట్టుక అతన్ని చివరిదాకా వదల్లేదు.

మనిషి మంచి పొడగరి. ఇంకా మామూలు సైనికుడిగా ఉన్న రోజుల్లోనే అతను వీధిలో నడిచొస్తుంటే జనం పక్కకి తప్పుకుని దారిచ్చేవారని క్లాడియన్ అనే కవి రాశాడు. క్లాడియన్ స్టిలికో కొలువులోని కవి కాబట్టి కాస్త ఎక్కువే పొగిడి ఉంటాడనుకోండి. కానీ కుర్రాడు చురుకైనవాడన్నది నిజం. పాతికేళ్లు రాకముందో, వచ్చిన కొత్తలోనో చక్రవర్తి థియోడోసియస్ అతన్ని పర్షియా రాజు దగ్గరికి రాయబారిగా పంపాడు. అంత చిన్న వయసులో అంత పెద్ద బాధ్యత! పని చక్కబెట్టుకుని తిరిగొచ్చాడు. ఆ తర్వాత అతని జీవితం మలుపు తిరిగింది.

సెరీనా చెయ్యి పట్టుకుని...

థియోడోసియస్‌కి అన్నదమ్ముల బిడ్డ ఒకామె ఉంది. పేరు సెరీనా. స్పెయిన్‌లో పుట్టింది. తండ్రి పోయాక ఆమెని చక్రవర్తి తన దగ్గరికి పిలిపించుకుని సొంత కూతురిలా చూసుకున్నాడు. థియోడోసియస్‌కి కోపం ముక్కుమీద ఉండేది. ఆయన చిరాకుగా ఉన్నప్పుడు భార్యాపిల్లలే దగ్గరికి వెళ్లడానికి జంకేవారట. అప్పుడు ఆయన్ని చల్లబరచగలిగింది సెరీనా ఒక్కతేనని క్లాడియన్ రాశాడు. బాగా చదువుకున్న పిల్ల, తెలివైనది. అలాంటి పిల్లని ఏ రాజకుమారుడికో ఇవ్వకుండా సగం వాండల్ అయిన స్టిలికోకి ఇచ్చి పెళ్లిచేశాడు థియోడోసియస్. ఇది సుమారు 384లో జరిగింది.

అల్లుడి హోదా పెరుగుతూ వచ్చింది. రాజభవన రక్షకదళానికి అధిపతి అయ్యాడు. పదేళ్లలోపే సేనానుల్లో ఒకడయ్యాడు. అతను యుద్ధాల్లో ఉంటే ఇక్కడ సెరీనా ఊరికే కూర్చోలేదు. కొలువులో ఎవరెవరు తన భర్తకి గోతులు తవ్వుతున్నారో కనిపెట్టి ఎప్పటికప్పుడు ఉత్తరాలు రాసి హెచ్చరించేది. ఇంకోపక్క ఇంటి బాధ్యత. వాళ్లకి మరియా, థెర్మాంటియా అని ఇద్దరు కూతుళ్లు, యుకేరియస్ అని ఒక కొడుకు. చక్రవర్తి భార్య చనిపోయాక ఆయన చిన్నకొడుకు హొనోరియస్ ఆలనాపాలనా కూడా సెరీనాయే చూసింది. చక్రవర్తి రెండో భార్యకి పుట్టిన ఆడపిల్ల గల్లా ప్లాసిడియా. ఆ పిల్ల కూడా తల్లిదండ్రులు పోయాక సెరీనా పెంపకంలోనే పెరిగిందని చరిత్రకారులు భావిస్తారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

చక్రవర్తి ఆఖరి మాట

394 సెప్టెంబరులో ఫ్రిగిడస్ నది దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. సింహాసనం కోసం తిరగబడ్డవాళ్లని థియోడోసియస్ ఓడించాడు. స్టిలికో ఆయన వైపు ముఖ్య సేనానుల్లో ఒకడు. అదే వైపు ఆలరిక్ అనే గోత్ నాయకుడూ పోరాడాడు. గోత్‌లని ముందు వరసలో నిలబెట్టడంతో వేలమంది చచ్చిపోయారు. గెలుపు రోమన్లది, చావులు గోత్‌లవి. అందుకు తగ్గ గుర్తింపు దక్కలేదన్న కడుపుమంట ఆలరిక్‌లో ఉండిపోయింది.

ఐదు నెలలు తిరక్కుండానే, 395 జనవరి 17న థియోడోసియస్ మిలాన్‌లో కన్నుమూశాడు. సామ్రాజ్యాన్ని ఇద్దరు కొడుకులూ పంచుకున్నారు. తూర్పు భాగం పెద్దవాడు ఆర్కేడియస్‌ది. అతను కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే నేటి ఇస్తాంబుల్‌లో ఉన్నాడు. పశ్చిమ భాగం హొనోరియస్‌ది. అప్పటికి అతనికి పదేళ్లు. పిల్లవాడి పేరున రాజ్యం నడిపే బాధ్యత స్టిలికో మీద పడింది.

ఇక్కడే చిక్కొచ్చింది. చనిపోయే ముందు చక్రవర్తి ఇద్దరు కొడుకుల్నీ తనకే అప్పగించాడని స్టిలికో చెప్పాడు. ఆ ఆఖరి మాటకి సాక్ష్యం అతనొక్కడే. తూర్పు కొలువులో ఎవరూ నమ్మలేదు. ఆర్కేడియస్ పక్కన ఉన్న మంత్రి రుఫినస్ అసలు నమ్మలేదు. అదే ఏడాది స్టిలికో గ్రీసు దాకా వెళ్లి, ఊళ్లు దోచుకుంటున్న ఆలరిక్‌తో తలపడబోతుంటే, తూర్పు దళాలని వెనక్కి పంపమని ఆర్కేడియస్ నుంచి ఆజ్ఞ వచ్చింది. స్టిలికో ఎదురు చెప్పకుండా పంపేశాడు. ఆ దళాలే నవంబరు 27న నగరం బయట రుఫినస్‌ని చంపేశాయి. దాని వెనక స్టిలికో ఉన్నాడని చాలామంది అనుకున్నారు. 397లో అతను మళ్లీ గ్రీసు వెళ్లి ఆలరిక్‌ని చుట్టుముట్టాడు, కానీ పట్టుకోలేకపోయాడు. ఈసారి తూర్పు కొలువు ఏకంగా స్టిలికోని దేశద్రోహిగా ప్రకటించి, ఆలరిక్‌కి సేనాని పదవి కట్టబెట్టింది. అన్నదమ్ముల మధ్య గోడ లేచింది. ఆ గోడ వల్ల ఎక్కువ లాభపడింది ఆలరిక్.

మేనమామ వరస పెళ్లి

అప్పుడే ఆఫ్రికాలో గిల్డో అనే అధికారి తిరగబడి, రోమ్‌కి వచ్చే ధాన్యం ఓడల్ని ఆపేశాడు. రోమ్ నగరానికి తిండి పెట్టేది నేటి ట్యునీసియా ప్రాంతపు గోధుమలే. స్టిలికో గాల్ నుంచి, అంటే నేటి ఫ్రాన్స్ నుంచి ధాన్యం తెప్పించి జనం ఆకలి తీర్చాడు. గిల్డో తన సొంత తమ్ముడు మాస్కెజెల్ కొడుకులిద్దర్నీ చంపించాడు. ఆ తమ్ముడికే సైన్యమిచ్చి పంపి 398లో గిల్డో పని పట్టించాడు స్టిలికో. తర్వాత కొద్దికాలానికే మాస్కెజెల్ నీళ్లలో పడి చనిపోయాడు. వంతెన మీంచి తోయించింది స్టిలికోయేనని జోసిమస్ అనే చరిత్రకారుడు రాశాడు. అది నిజమైతే స్టిలికో చేతికి అంటిన పెద్ద మరక అదే.

అదే 398లో స్టిలికో తన పెద్దకూతురు మరియాని చక్రవర్తి హొనోరియస్‌కి ఇచ్చి పెళ్లిచేశాడు. పెళ్లికొడుక్కి పదమూడేళ్లు. పెళ్లికూతురు అంతకన్నా పెద్దదేమీ కాదు. హొనోరియస్ సెరీనాకి తమ్ముడి వరస. అంటే మన లెక్కన మరియాకి మేనమామే అయ్యాడు! ఆ పెళ్లికి క్లాడియన్ పాటలు కట్టాడు. మరియా మనసులో ఏముందో మాత్రం ఎవరూ రాయలేదు. అల్లుడి చుట్టరికం బిగిస్తే తన స్థానం గట్టిపడుతుందని తండ్రి ఆలోచన. ఆ తరంలో రాజుల ఇళ్లన్నిటిలో ఆడపిల్ల పెళ్లి అంటే ఒప్పందం మీద వేసే ముద్రే.

ఆలరిక్‌తో పిల్లీఎలుకాట

401 చివర్లో ఆలరిక్ తన జనంతో సహా ఇటలీ మీద పడ్డాడు. మిలాన్‌లో ఉన్న హొనోరియస్‌ని చుట్టుముట్టాడు. స్టిలికో నడిచలికాలంలో ఆల్ప్స్ పర్వతాలు దాటి వెళ్లి, సరిహద్దుల్లోని దళాలని కూడగట్టుకుని వచ్చి చక్రవర్తిని విడిపించాడు. 402 ఏప్రిల్ 6న, సరిగ్గా ఈస్టర్ పండుగ రోజు, పొలెంటియా దగ్గర గోత్‌ల శిబిరం మీద రోమన్ సేన పడింది. ఆలరిక్ కుటుంబంలోని ఆడవాళ్లు కూడా రోమన్లకి చిక్కారని క్లాడియన్ రాశాడు. తర్వాత వెరోనా దగ్గర మరో దెబ్బ తగిలింది. ఆలరిక్ ఇటలీ వదిలి వెళ్లాడు. కానీ బతికి వెళ్లాడు. చేతికి చిక్కినవాణ్ణి మళ్లీ ఎందుకు వదిలాడన్న ప్రశ్న అప్పటినుంచి స్టిలికో వెంట పడింది.

జవాబు అంత కష్టమైనది కాదేమో. సైనికులు తక్కువ, శత్రువులు ఎక్కువ. ఆలరిక్‌ని పూర్తిగా తుడిచిపెట్టాలంటే తన సైన్యం సగం పోగొట్టుకోవాలి. అదే అతన్ని ఏదో ఒకనాటికి మన వైపు తిప్పుకుంటే ఒక సైన్యమే కలిసొస్తుంది. స్టిలికో లెక్క ఇలా ఉండేది. వినడానికి బాగుంది. కానీ ఇల్లు కాలిన రైతుకీ, పంట పోయిన ఊరికీ ఆ లెక్క ఎలా ఎక్కుతుంది? భయపడ్డ హొనోరియస్ కొలువుని రవెన్నాకి మార్చేశాడు. చుట్టూ బురద నేలలు, పక్కనే సముద్రం. చక్రవర్తి ఆ తర్వాత ఎక్కువగా అక్కడే తలదాచుకున్నాడు.

405లో రడగైసస్ అనే మరో నాయకుడు పెద్ద గుంపుతో ఇటలీలోకి దిగాడు. స్టిలికో వాళ్లని ఫ్లోరెన్స్ దగ్గరి ఫియెసోలె కొండల్లో తిండి దొరక్కుండా బిగించి లొంగదీశాడు. 406 ఆగస్టులో రడగైసస్ తల తెగింది. వాళ్లలో మేలైన పన్నెండు వేలమందిని తన సైన్యంలో చేర్చుకున్నాడు. మిగిలినవాళ్లు బానిసలుగా సంతలో అమ్ముడుపోయారు. బానిసల ధర పశువుల ధరకి పడిపోయిందట. స్టిలికో పేరు మారుమోగిన రోజులవి.

ఆ సంతోషం నాలుగు నెలలే. ఇటలీని కాచుకోవడానికి దళాల్ని తీసుకొచ్చేయడంతో రైన్ నది సరిహద్దు పలచబడిపోయింది. 406 ఆఖరి రోజున వాండల్‌లు, అలాన్‌లు, సుయెవీలు ఆ నది దాటి గాల్ మీద పడ్డారు. స్టిలికో తండ్రి జాతివాళ్లే! గిట్టనివాళ్లకి అంతకన్నా ఏం కావాలి? అతనే పిలిపించాడన్నారు. దానికి ఆధారం ఏదీ లేదు. 407లో బ్రిటన్‌లోని సైన్యం కాన్‌స్టాంటైన్ అనే అతన్ని చక్రవర్తిగా నిలబెట్టుకుంది. అతను గాల్‌ని ఆక్రమించాడు.

నాలుగు వేల పౌన్ల బంగారం

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అలాంటి సమయంలో ఆలరిక్ మళ్లీ సరిహద్దులోకి వచ్చి, నీకోసం ఇన్నాళ్లు కాచుకుని కూర్చున్నాను, ఖర్చులివ్వమని కబురు పెట్టాడు. అడిగింది 4,000 పౌన్ల బంగారం. రోమన్ పౌను మన కిలోలో మూడో వంతుకి కాస్త తక్కువ. అంటే దాదాపు 1,300 కిలోలు! సెనేట్‌లో పెద్దలు మొదట యుద్ధమే అన్నారు. స్టిలికో నచ్చజెప్పాడు. తూర్పు మీద తలపెట్టిన యుద్ధం ఆగిపోయింది సెరీనా వల్లేననీ, అన్నదమ్ములు కొట్టుకోకూడదని ఆమే పట్టుబట్టిందనీ చెప్పి చక్రవర్తి ఉత్తరం చూపించాడు. చివరికి అందరూ తలూపారు. లాంపాడియస్ అనే ఒక్కడు మాత్రం ఇది శాంతి కాదు, బానిసత్వానికి రాసిచ్చే పత్రమని గట్టిగా అనేసి, ఆ తర్వాత భయమేసి చర్చిలోకి పరిగెత్తాడట.

బంగారం ఇచ్చారు. కానీ పెద్దలు ఆ అవమానం మర్చిపోలేదు.

ఇంట్లోనూ కష్టమే. మరియా పిల్లలు లేకుండానే చనిపోయింది. అల్లుడితో తెగిన చుట్టరికాన్ని మళ్లీ కలపాలని సెరీనా పట్టుదల. స్టిలికోకి అంతగా ఇష్టం లేకపోయినా 408లో రెండో కూతురు థెర్మాంటియాని అదే హొనోరియస్‌కి ఇచ్చి చేశారు.

చెప్పుడు మాటలు

408 మే 1న తూర్పున ఆర్కేడియస్ చనిపోయాడు. అతని కొడుక్కి ఏడేళ్లు. తూర్పుకి నేనే వెళ్తానన్నాడు హొనోరియస్. దారి ప్రమాదం, ఖర్చు ఎక్కువ, నేను వెళ్లొస్తానన్నాడు స్టిలికో. ఆ మాట చాలు ఒలింపియస్‌కి. ఇతను స్టిలికో చలవతోనే కొలువులో పైకొచ్చినవాడు. మామగారు తూర్పుకి వెళ్లేది ఆ పసివాణ్ణి చంపి తన కొడుకు యుకేరియస్‌ని గద్దెనెక్కించడానికేనని హొనోరియస్ చెవిలో ఊదాడు. సైనికుల్లోనూ అదే మాట నాటాడు.

నిజానికి ఆ కొడుక్కి స్టిలికో ఇప్పించింది రాజ్యపు రాతకోతల శాఖలో ఒక అధికారి పదవి. అంతే. కానీ పరాయివాడి మీద అనుమానం పుట్టించడానికి రుజువులు అక్కర్లేదు కదా!

ఆగస్టు 13న టిసినమ్‌లో, అంటే నేటి పవియాలో, చక్రవర్తి కళ్లముందే సైనికులు తిరగబడి స్టిలికో మనుషులైన అధికారుల్ని వెతికి వెతికి చంపారు. స్టిలికో అప్పుడు బొలోన్యాలో ఉన్నాడు. అతని దగ్గర గోత్ తదితర జాతుల దళాలు చాలా ఉన్నాయి. చక్రవర్తిని కూడా చంపేశారని మొదట వార్త వచ్చింది. అదే నిజమైతే కదిలి వెళ్లి పగ తీర్చుకోవాలనుకున్నారు. చక్రవర్తి క్షేమమేనని తెలియగానే స్టిలికో ఆగిపోయాడు. ఈ దళాల్ని రోమన్ సైన్యం మీదికి ఉసిగొల్పడం అతనికి ఇష్టం లేకపోయింది. తోటి నాయకులు మండిపడ్డారు. వాళ్లలో సారస్ అనేవాడు రాత్రికి రాత్రి దాడిచేసి స్టిలికో అంగరక్షకుల్ని చంపేశాడు. అయినా అతను మనసు మార్చుకోలేదు. రవెన్నాకి బయల్దేరాడు. పైగా దారిలోని ఊళ్లకి, ఈ దళాల్ని లోపలికి రానివ్వద్దని హెచ్చరికలు పంపాడు.

రవెన్నాలో అతను ఒక చర్చిలో ఆశ్రయం పొందాడు. తెల్లవారాక సైనికులు వచ్చి, బంధించమని మాత్రమే ఆజ్ఞ ఉందని బిషప్ ముందు ప్రమాణం చేశారు. నమ్మి బయటికి వచ్చాడు. గడప దాటగానే రెండో ఉత్తరం తీశారు. అందులో మరణశిక్ష ఉంది. చుట్టూ ఉన్న నౌకర్లు, స్నేహితులు కత్తులు దూసి విడిపించబోయారు. స్టిలికో వాళ్లని కసిరి ఆపి, తనే మెడ వంచాడు. ఆ రోజు 408 ఆగస్టు 22.

ఇరవైమూడేళ్లు సైన్యాన్ని నడిపి కూడా డబ్బుకి పదవులు అమ్ముకోలేదనీ, సైనికుల జీతాలు మింగలేదనీ జోసిమస్ రాశాడు. తన పుస్తకం మొదట్లో అదే స్టిలికోని దురాశపరుడని దుయ్యబట్టిన మనిషి ఆయన!

ఇంటి ఆడవాళ్లకి దక్కింది

థెర్మాంటియాని భర్త పుట్టింటికి పంపించేశాడు. పెళ్లయి ఏడాది కూడా కాలేదు. ఏడేళ్ల తర్వాత, 415లో ఆమె చనిపోయింది. యుకేరియస్‌ని రోమ్‌లో పట్టుకుని చంపారు. ఇటలీ ఊళ్లలో పరాయి జాతుల సైనికుల భార్యాబిడ్డల్ని రోమన్ సైనికులు ఊచకోత కోశారు. కడుపు మండిన ఆ మగవాళ్లు, ముప్ఫైవేలమందికి పైగా, తిన్నగా వెళ్లి ఆలరిక్‌తో కలిశారు. స్టిలికో ఏళ్ల తరబడి ఏది జరక్కుండా చూశాడో అది ఒక్క నెలలో జరిగిపోయింది.

ఆలరిక్ రోమ్‌ని చుట్టుముట్టాడు. లోపల ఆకలి. సెరీనా నగరంలోనే ఉంది. ఆమే ఆలరిక్‌ని పిలిపించి ఉంటుందని సెనేట్ పెద్దలు అనుమానించారు. ఆమె పోతే ఆలరిక్ వెళ్లిపోతాడని నమ్మారు. మెడకి ఉరి బిగించి చంపేశారు. ఆ నిర్ణయానికి ఒప్పుకున్నవాళ్లలో గల్లా ప్లాసిడియా ఒకతె. సెరీనా చేతుల్లో పెరిగిన పిల్లే! సెరీనా ఒకప్పుడు గుడిలో దేవత మెడలోని హారం తీసి తన మెడలో వేసుకుందనీ, ఓ ముసలి పూజారిణి శాపనార్థాలు పెట్టిందనీ, ఆ మెడకే ఉరి పడిందనీ జోసిమస్ ఒక కథ చెప్పాడు. పాత దేవుళ్లని కొలిచేవాడు కాబట్టి ఆయనకి అది దైవశిక్షలా తోచింది. మనకి మాత్రం భయంలో ఉన్న ఊరు ఓ ఒంటరి విధవరాలి మీద పడటమే కనిపిస్తుంది.

ఆమె చనిపోయినా ఆలరిక్ కదల్లేదు. 5,000 పౌన్ల బంగారం, 30,000 పౌన్ల వెండి, 4,000 పట్టు అంగీలు, 3,000 ఎర్రరంగు తోళ్లు, 3,000 పౌన్ల మిరియాలు తీసుకున్నాకే అప్పటికి తప్పుకున్నాడు. మిరియాలంటే మన కేరళ తీరం నుంచి ఓడల్లో వెళ్లినవే. స్టిలికో ఇప్పించిన బంగారాన్ని సిగ్గుచేటన్నవాళ్లు అంతకు మించి ఇచ్చుకున్నారు. అదీ చాలలేదు. 410 ఆగస్టు 24న ఆలరిక్ సేన రోమ్‌లో చొరబడి మూడురోజులు దోచుకుంది. ఎనిమిది వందల ఏళ్లలో ఆ నగరం పరాయివాళ్ల చేతికి చిక్కడం అదే మొదటిసారి. ప్లాసిడియా బందీగా గోత్‌ల వెంట వెళ్లింది.

చెరిపేసినా చెరగని పేరు

స్టిలికో ఆస్తులు జప్తు చేశారు. రోమ్ ఫోరంలో సైన్యం విజయాన్ని మెచ్చుకుంటూ చెక్కిన రాతిమీద అతని పేరున్న వరసల్ని ఉలితో గీకేశారు. ఆ గీకిన రాయి ఇప్పటికీ ఉంది. ఇటలీలోని మోంజా చర్చిలో ఉన్న దంతపు ఫలకాల మీద మాత్రం ఒక కుటుంబం కనిపిస్తుంది. ఒకవైపు ఈటె, డాలు పట్టుకుని గడ్డపు సేనాని. మరోవైపు చేతిలో పువ్వుతో నిలబడ్డ ఇల్లాలు. పక్కన చిన్న కొడుకు. అది స్టిలికో, సెరీనా, యుకేరియస్‌లేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

అందులో కూతుళ్లు లేరు. వాళ్ల వంతు ఇంకోచోట ఉంది. 1544లో రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి కొత్తగా కడుతున్నప్పుడు మరియా సమాధి బయటపడింది. బంగారు జరీ వస్త్రాలు, నగలు బోలెడు దొరికాయి. జరీని కరిగించి బంగారం చేసుకున్నారు. నగల్లో చాలావరకు కనుమరుగయ్యాయి. మిగిలినవాటిలో ఒక చిన్న లాకెట్టు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దానిమీద హొనోరియస్, మరియా, స్టిలికో, సెరీనా, థెర్మాంటియా, యుకేరియస్... ఆరుగురి పేర్లూ కలిపి చెక్కి, అందరూ చల్లగా బతకాలని దీవెన రాశారు.

దీవెన ఫలించలేదు. పెద్దలు రాతిమీద గీకేసిన తండ్రి పేరు మాత్రం కూతురి మెడలోని లాకెట్టు మీద పదహారు వందల ఏళ్లుగా చెక్కుచెదరకుండా ఉంది.